గడె పెట్టని తలుపు

ములుగు దాటాక రోడ్డు పక్కన కర్ణాకర్‌కు గుర్రాలశాల ఉంది. పట్నం వాళ్లు తమ గుర్రాలను అక్కడ కిరాయికి ఉంచి, ఆదివారాలు వచ్చి స్వారీ చేసి పోతారు. వాటికి మేత వేయడం, ఒళ్లు కడగడం, లద్దె ఎత్తడం యాదలక్ష్మి పని. అందులో ఒక తెల్ల గుర్రానికి దాని యజమాని కృతిక జాస్మిన్ అని పేరు పెట్టుకుంది. యాదలక్ష్మి నోట్లో పడి అది మల్లి అయింది.

చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున ఆమె మల్లికి గడ్డి వేస్తుంటే భివండీ నుంచి భర్త ఫోన్ చేశాడు. మగ్గాల మీద రాత్రి డ్యూటీ దిగాక అతనికి తీరేది ఆ వేళకే. పిల్ల జ్వరం సంగతి చెబుతూ నల్లా దాకా నడిచిన యాదలక్ష్మి, తలుపుకు గడె పెట్టడం మరిచిపోయింది. ఫోన్ పెట్టేసేసరికి పక్క మామిడితోట వైపు నుంచి గుర్రం అరుపు వినబడింది. పరుగెత్తి చూస్తే మల్లి ముళ్లతీగలో చిక్కుకుని ఉంది. వెనక కాలు తోలు లేచిపోయి ఎముక కనబడుతోంది.

కర్ణాకర్ వస్తూనే కాపలా ఉండే ముసలి ఇస్తారి మీద విరుచుకుపడ్డాడు.

"తలుపు తీసి ఉంటే చూస్కోలేదా? పండినవా?"

"నాలుగింటికి తిరిగి చూసిన సారూ. అన్నీ ఏసే ఉన్నయ్."

"నీకు కండ్లు కనవడ్తున్నయా అసలు?"

ఇస్తారి ఏదో అనబోయి, తన కళ్ల మీద తనకే అనుమానం వచ్చినట్టు ఆగిపోయాడు. యాదలక్ష్మి మాట గొంతు దాకా వచ్చింది. రేపు చెబుదాంలే అనుకుంది. ఆ మధ్యాహ్నమే, పనిలోంచి తీసేసిన ఇస్తారి దుప్పటి మడిచి సైకిల్‌కు కట్టుకుని కుకునూరుపల్లికి వెళ్లిపోయాడు.

డాక్టర్ కుట్లు వేసి, కాలు నిలవడం కష్టమే అన్నాడు. యాదలక్ష్మి రోజుకు రెండుసార్లు పైపు పట్టి చన్నీళ్లు పోసేది. పుండు కడిగి, మందు రాసి, దూది పెట్టి కట్టు కట్టేది. మొదట్లో మల్లి ఆమెను తన్నింది. తొడ మీద నల్లగా కమిలినా ఎవరికీ చూపించలేదు, తనకు పడాల్సిందే పడిందనుకుంది. నెల దాటాక అదే ఆమె భుజం మీద తల ఆనించి, కట్టు విప్పుతున్నంతసేపూ కదలకుండా నిలబడేది. ఆ బరువు భుజం మీద పడినప్పుడల్లా ఆమెకు ఏడుపొచ్చేది.

వానలు మొదలయ్యేనాటికి మల్లి నడిచింది. కృతిక వచ్చి చూసి, యాదలక్ష్మిని గట్టిగా కౌగిలించుకుంది.

"నువ్వు లేకుంటే ఇది బతికేది కాదు లక్ష్మక్కా. ఆ ముసలాయన్ని తీసేసి మంచి పని చేశారు."

యాదలక్ష్మి ఆ చేతుల్లోంచి విడిపించుకుంది.

"ఆయన తప్పు లేదమ్మా. గడె పెట్టనిది నేనే."

కృతిక ఆమెను చాలాసేపు చూసింది. తర్వాత కారెక్కింది. మూడో రోజు వ్యాను వచ్చి మల్లిని వేరే శాలకు తీసుకుపోయింది. గుర్రం వ్యాను ఎక్కనని మొరాయిస్తే డ్రైవర్ యాదలక్ష్మినే పిలిచాడు. ఆమె దాని మెడ నిమిరి ముందు నడిచింది. వెనకే మల్లి ఎక్కింది.

ఆ ఆదివారం ఆమె బస్సెక్కి కుకునూరుపల్లిలో దిగింది. ఇస్తారి భార్య యాదవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. ఇస్తారి మంచం మీద కూర్చుని ఉన్నాడు. సైకిల్ తొక్కడం మానేశాడట. మనవణ్ణి బడికి తోలుకుపోవడం కూడా మానేశాడట. కళ్లు నమ్మరాకుండా అయినయని అతనే అందరికీ చెబుతున్నాడు.

యాదలక్ష్మి నిలబడే జరిగిందంతా చెప్పింది.

"అంటే నాలుగింటికి ఏసే ఉండెనా?" అన్నాడు ఇస్తారి.

"ఏసే ఉండె మామా. అయిదింటికి నేనే తీసిన."

అతను ముఖం అటు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. యాదవ్వ చాట కింద పెట్టింది.

"నాలుగు నెలల సంది నా కండ్లు పోయినయ్ అనుకుంట ఏడుస్తుండు. గిప్పుడు యాదికొచ్చినమా నీకు?"

"తప్పైంది అత్తా. కర్ణాకర్ సారుకు చెప్తా. మళ్ల పనిలకు..."

"నేను రాను." ఇస్తారి అటు తిరిగే అన్నాడు. మళ్లీ తనే, "దాని కాలు భూమికి ఆనుతున్నదా?" అని అడిగాడు.

"ఆనుతున్నది మామా. జర కుంటుతది గంతే."

అతను తలూపాడు. కూర్చొమ్మని మాత్రం ఎవరూ అనలేదు. యాదవ్వ చాట చేతికి తీసుకుంది. చెరుగుడు చప్పుడు మళ్లీ మొదలైంది. యాదలక్ష్మి ఇంకొంతసేపు అక్కడే నిలబడి, చెప్పులు వేసుకుని బస్టాండు వైపు నడిచింది.