పది మంది, తలా ఐదు వేలు

కరకోల్ బజారు మూడో వరుసలో ఉన్ని చెప్పులు అమ్మే బురుల్ ఎజే, అంటే బురుల్ అక్క, నా దగ్గర లెక్కలు రాయించుకున్న మొదటి మనిషి. కాలేజీలో అకౌంట్లు రెండో ఏడాది చదువుతుండగా బెగాయ్ నా కడుపున పడింది, చదువు అక్కడితో ఆగింది. సర్టిఫికెట్ లేదని ముందే చెప్పాను. "నా చెప్పులకూ లేదు, కాళ్లు వెచ్చగా ఉంటే చాలు" అంది ఎజే. నేను ఆమె పని సరిగ్గా చేస్తే ఆ వరుసలో మిగతా కొట్లవాళ్లూ వస్తారు. చెడగొడితే అక్కడ మళ్లీ మొహం చూపించలేను. అత్తగారి తోటలో ఆపిల్ పండ్లు ఏరి పెట్టెలకెత్తుకుంటూ ఉండడమే.

మూడు నెలల లెక్క ఆమె ఫోన్‌లోని బ్యాంకు చిట్టా చూసి రాశాను. మార్చి తొమ్మిదిన పది మంది ఆడవాళ్లు తలా ఐదు వేల సోములు పంపారు. టోకు బేరం కాబోలనుకుని అమ్మకాల్లో వేసి, పన్ను ఆఫీసులో కాగితం దాఖలు చేసేశాను.

నాలుగు రోజుల తర్వాత బెగాయ్‌ని ఎత్తుకుని పాల కోసం వెళ్తే, మేజోళ్లు అమ్మే తుర్సునై ఎజే మాటల మధ్యలో అంది, మార్చిలో షెరినే బురుల్ వంతు, గొర్రెను కోసింది, తిని లేవలేకపోయాం అని. ఆ పది ఐదు వేలూ దేనివో అప్పుడు తెలిసింది. నెలకొకరింట్లో చేరి భోంచేసి, తలా కొంత వేసి, ఆ మొత్తం ఆ ఇంటామె చేతిలో పెట్టే ఈ షెరినే మా ఊళ్లో తెలియని ఆడది లేదు. నేను మాత్రం ఏ షెరినేలోనూ చేరలేదు. నెలకు ఐదు వేలు నా చేతిలో ఎప్పుడు ఆడాయి గనక? అందుకే పది పేర్లూ కళ్లెదుట ఉన్నా తట్టలేదు. ఇప్పుడు బురుల్ ఎజే తన స్నేహితురాళ్ల డబ్బుకు పన్ను కట్టబోతోంది.

ఆమె కాగితాలు చదవదు. ఊరుకోవచ్చు కదా అనిపించింది, అబద్ధమెందుకు. అయినా నేరుగా కొట్టుకే వెళ్లాను.

"ఎజే, తప్పు రాశాను."

ఆమె వింటూ చెప్పులు పేర్చడం ఆపలేదు. "షెరినే డబ్బును చెప్పుల డబ్బనుకున్నావా? ఐదు వేలు పోసి ఎవరు కొంటారు పిల్లా, గుర్రానికి తొడగడానికా?"

పక్క కొట్లవాళ్లు నవ్వారు. సరిచేస్తాను, దీనికి వేరే డబ్బు అడగను అన్నాను.

దిద్దిన కాగితం తీసుకుంటామన్నారు ఆఫీసులో. కానీ అది అమ్మకం డబ్బు కాదని ఇచ్చినవాళ్లు సంతకాలు పెట్టాలన్నారు. పది సంతకాలు.

పన్ను ఆఫీసుకు వెళ్లే కాగితం మీద పేరంటే ఎవరికైనా భయమే. మూడు రోజులు చంటిదాన్ని చంకనేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ ముందు నా తప్పే చెప్పుకున్నాను. చదువు మానేసినదానివి నీకెందుకీ లెక్కలు అని ఒకామె దెప్పింది, దెప్పుతూనే టీ పోసి సంతకం పెట్టింది. ఇంకొకామె మూడుసార్లు చదివించుకుంది. తొమ్మిది మంది పెట్టారు. పదో ఆమె, ఆసుపత్రి నర్సు, తలుపు సగమే తెరిచి తన పేరు ఎక్కడా ఉండొద్దంది. రెండోసారీ అంతే. మూడోసారి వెళ్తే ఇంట్లో లేదని కూతురితో చెప్పించింది.

తొమ్మిది సంతకాలతోనే దాఖలు చేశాను. ముద్ర వేసి తీసుకున్నారు. మిగిలిన ఐదు వేలూ అమ్మకంగానే ఉండిపోయాయి. వాటి మీద పడే పన్ను, రెండు వందల సోములు, నా కూలిలో కోసుకోమని బురుల్ ఎజేతో చెప్పాను. వద్దంటుందేమో అనుకున్నాను. కోసుకుంది. మిగతాది నా చేతిలో పెట్టి, తన ఫోను ముందుకు తోసింది.

"ఏప్రిల్‌వి మొదలుపెట్టు. ఈసారి ప్రతిదీ అడుగు."

బెగాయ్‌ని చెప్పుల గుట్ట పక్కన కూర్చోబెట్టి, మొదటి పేరు మీద వేలు పెట్టాను.

"ఈ ఎనిమిది వందలు దేనివి ఎజే?"