తొమ్మిదో తీగ దిగాక

నేను ఒక చెక్క గోళీని. కుంకుడుకాయ కన్నా కాస్త పెద్దదాన్ని, పెద్ద ఉసిరికాయ పక్కన పెడితే చిన్నదాన్ని. నా పేరు ప్లూటో. చాలా ఏళ్ళు ఒక హైస్కూల్లో గ్రహంగా పనిచేశాను. ఇప్పుడు చేయడం లేదు. చూసినవాళ్ళు అయ్యో పాపం అంటారు. అనవలసిన పని లేదని చెప్పడానికే ఈ కథంతా.

ఏటికొప్పాకలో పుట్టాను. అంకుడు కర్రకి లక్క రంగులు పట్టించి బొమ్మలు చేసే ఊరది. సన్యాసాచారి అనే ఆయన నన్ను చేశాడు. ఒకనాడు ఆయన దగ్గరికి భానుమూర్తి మాస్టారని ఒక సైన్సు మాస్టారు వచ్చి, "స్కూలుకి తొమ్మిది గ్రహాలు కావాలి ఆచారీ" అన్నారు. ఆచారి గుళ్ళో నవగ్రహాలనుకున్నాడు.

"రాహువుకి పడగెట్టాలేటి బాబూ?" అని అడిగాడు.

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. తర్వాత నేల మీద సుద్దముక్కతో సున్నాలు గీసి, ఏది ఎంత ఉండాలో చూపించారు. గురుగ్రహానికి మంచి కర్ర దుంగ ఎంచారు. శనికి చుట్టూ రేకు కట్టాలన్నారు. చివరి సున్నా దగ్గరికి వచ్చేసరికి సుద్ద అయిపోయింది.

"ఇదెంతుండాలి బాబూ?"

"మిగిలిన ముక్కలో ఎంత వస్తే అంత."

అలా పుట్టాను. దానికి నాకేం బాధ లేదు. మిగిలిన ముక్క కూడా మంచి కర్రే.

స్కూల్లో ఒక పీటకి ఇనుప కమ్మీ బిగించి, దాని మీద బల్బు పెట్టి సూర్యుడన్నారు. మా తొమ్మిదింటినీ తొమ్మిది తీగలకి గుచ్చారు. పిడి తిప్పితే అందరం తిరుగుతాం. నా తీగ అన్నిటికన్నా పొడుగు. పొడుగు తీగ చివర ఉండడమంటే ఏమిటో మీకు తెలియదు. బుధుడు కూర్చున్నచోటే తిరిగేవాడు. నేను మాత్రం వణుకుతూ, ఊగుతూ, పిల్లల చెవులకి తగులుతూ తిరగాలి. పిడి గట్టిగా తిప్పితే ఎగిరి బెంచీల కింద పడేదాన్ని. "సార్, ప్లూటో పడిపోయింది" అన్న మాట లేకుండా ఒక్క పాఠం కూడా పూర్తి కాలేదు. బల్బు వెలుగు నా దాకా వచ్చేది కాదు. స్కూలు గుమస్తా శనిని చూసి దణ్ణం పెట్టుకుని మరీ లోపలికి వచ్చేవాడు. నన్ను చూసి భయపడినవాడు లేడు, మొక్కినవాడూ లేడు. అయినా గ్రహాన్నని బిగపట్టుకుని ఉండేదాన్ని. తొమ్మిదోది ఎవరని మాస్టారు అడిగితే క్లాసంతా నా పేరే అరిచేది. ఆ ఒక్క అరుపు కోసం అన్నీ ఓర్చుకున్నాను.

భానుమూర్తి మాస్టారిది గొప్ప గొంతు. ఆయన గ్రహణాల పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కిటికీలో చేరేవారు. అలాంటాయన్ని, పాత హెడ్మాస్టారు రిటైరయ్యాక, అందరిలోకి పెద్దవారని ఇన్‌చార్జి హెడ్మాస్టార్ని చేశారు. ఇంట్లో సంబరం. వీధిలో దండలు. స్కూల్లో మాత్రం ఆయన పాఠాలు ఆగిపోయాయి. మధ్యాహ్న భోజనం బియ్యంలో పురుగులు, కారే కప్పు, మండలాఫీసులో మీటింగులు. అప్పుడప్పుడు లాబు గుమ్మం దాకా వచ్చి మమ్మల్ని చూసేవారు. పిడి మీద చెయ్యి వేసేలోగా ఎవరో ఒకరు పిలిచేవారు. "వస్తున్నా" అంటూ వెళ్ళిపోయేవారు. ఆ గొంతులో గ్రహణాలూ లేవు, నక్షత్రాలూ లేవు.

ఆ ఏడాది జిల్లా సైన్సు ప్రదర్శనకి మా నమూనానే పంపాలనుకున్నారు. వివరించే పని నూకరత్నానిది. పదో తరగతి. చేపలమ్మే ఇంటి పిల్ల. అడగవలసింది అడగకుండా ఉండలేని మనిషి. ప్రదర్శన దగ్గరపడిన రోజుల్లో ఆ పిల్ల పేపరు పట్టుకుని హెడ్మాస్టారి గదికి పరుగెత్తుకొచ్చింది. తుడవడానికని మమ్మల్ని ఆ గదిలోనే ఉంచారు కాబట్టి అంతా విన్నాను.

"సార్, ప్లూటోని తీసేసారటండి! శాస్త్రవేత్తలందరూ కూకుని ఓట్లేసి, ఇక నుంచి ఎనిమిదేనన్నారట."

మాస్టారు పేపరు చదివారు. మళ్ళీ చదివారు. ముఖం ఎర్రబడింది.

"ఓట్లేసి తీసెయ్యడమేమిటి? అదేం తప్పు చేసింది? ఇన్నేళ్ళు చోటిచ్చి, ఇవాళ పొమ్మంటారా?"

"మరి అక్కడేటి సెప్పమంటారు సార్?"

"తొమ్మిదే చెప్పు. మన పుస్తకంలో తొమ్మిదే ఉంది."

నూకరత్నం నా వైపు చూసింది. నాకు లోపల ఏదో బీటలు వారినట్టయింది. నిజం చెప్పొద్దూ, ఆయన నా తరఫున కోప్పడుతుంటే ఏడుపొచ్చింది. ఆ పిల్లని చూస్తే దిగులేసింది. తొమ్మిదంటే అక్కడ నవ్వుతారు. ఎనిమిదంటే ఇక్కడ మాస్టారి మాట పోతుంది. నా మూలంగా ఈ ఇద్దరిలో ఒకరికి తలవంపులు తప్పవు.

అనకాపల్లిలో ప్రదర్శన. హాలు నిండా జనం, అగ్నిపర్వతాలు, గాలిమరలు. మా బల్ల దగ్గరికి జడ్జిగా ఒక కాలేజీ లెక్చరరమ్మ వచ్చింది. మాస్టారు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. నూకరత్నం పిడి తిప్పుతూ బుధుడి నుంచి మొదలుపెట్టి నెప్ట్యూన్ దాకా చెప్పింది. అక్కడ చెయ్యి ఆపింది.

"మరి ఇది?" అంది లెక్చరరమ్మ, నన్ను చూపించి.

నూకరత్నం మాస్టారి వైపు చూడలేదు. నన్ను తీగ మీంచి మెల్లగా తీసి అరచేతిలో పెట్టుకుంది.

"ఇది ప్లూటోనండి. నిన్నటి దాకా తొమ్మిదో గ్రహం. ఇప్పుడు కాదు. ఇది తిరిగే దారిలో దీన్లాంటి చిన్నవి చాలా ఉన్నాయని కనిపెట్టారండి. పెద్ద గ్రహాల దారిలో అలా ఉండవు. ఇన్నాళ్ళూ ఇదొక్కతే అనుకుని తెచ్చి పెద్దోళ్ళ పక్కన కూకోబెట్టారు. దీని సొంతవాళ్ళు అక్కడే ఉన్నారండి. పెద్దోళ్ళలో ఇది ఆఖరుది. దీనోళ్ళలో ఇదే ముందు కనబడింది."

నాలాంటివాళ్ళు ఉన్నారా! ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

"పుస్తకంలో తొమ్మిదే ఉందిగా. మీ మాస్టారు ఎనిమిదని చెప్పమన్నారా?" అంది లెక్చరరమ్మ.

మాస్టారు గోడ వదిలి ముందుకొచ్చారు.

"లేదమ్మా. తొమ్మిదే చెప్పమన్నాను. మనసొప్పక అన్నాను. ఆ పిల్ల చెప్పిందే సరి."

"అలాక్కాదు మేడం," అంది నూకరత్నం గబగబా. "కొత్త రుజువొస్తే పాతమాట ఒగ్గెయ్యాలని సార్ ఎనిమిదో క్లాసులోనే సెప్పారండి. నేను ఆ మాటే ఇన్నాను."

లెక్చరరమ్మ నవ్వి, ఇద్దర్నీ చూసి, ఏదో రాసుకుని ముందుకు నడిచింది. రెండో బహుమతి వచ్చింది. తిరుగు బస్సులో నూకరత్నం భయంభయంగా, "కోపమొచ్చిందా సార్?" అని అడిగింది. మాస్టారు చొక్కా జేబులో ఉన్న నన్ను ఒకసారి తడిమి చూసుకున్నారు.

"లేదమ్మా. పాఠం విని చాలా రోజులైంది. బాగుంది" అన్నారు.

నన్ను మళ్ళీ తీగకి గుచ్చలేదు. ఆయన బల్ల మీద, ఇంకుసీసా పక్కన పెట్టారు. మొదటిసారి వణకకుండా ఒకచోట కూర్చున్నాను. కదలకుండా కూర్చోవడంలో ఇంత సుఖం ఉందని గ్రహంగా ఉన్నన్నాళ్ళూ తెలియలేదు.

దసరా సెలవులయ్యాక కొత్త హెడ్మాస్టారు వస్తున్నారని కబురొచ్చింది. ఇక మాస్టారు మామూలు సైన్సు మాస్టారే. తోటి టీచర్లు ఒక్కొక్కరే గదిలోకొచ్చి, గొంతు తగ్గించి పరామర్శించారు. "ఉండవలసింది మీరేనండీ" అన్నారు. గుమస్తా అయితే ముక్కు చీదుకున్నాడు. మాస్టారు అందరికీ తలూపారు. వాళ్ళు వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నారు. అంత పొడుగు అమ్మయ్య నేను మళ్ళీ వినలేదు.

కొత్తాయన వచ్చి చేరిన మర్నాడు పొద్దున్నే నన్ను తీసుకుని ఎనిమిదో తరగతికి వెళ్ళారు. గ్రహణాల పాఠం. గొంతు మొదట కాస్త బొంగురుపోయింది. తర్వాత లేచింది. పక్క క్లాసు పిల్లలు కిటికీలో చేరారు.

ఆయన రిటైరయ్యాక ఆ నమూనా తుప్పు పట్టి, పాత ఇనుప సామాన్ల బండెక్కిందట. గురుడు, శని, అందరూ తీగలతో సహా వెళ్ళిపోయారు. పాపం, వాళ్ళు చివరిదాకా గ్రహాలే. నేను మాస్టారి జేబులో యలమంచిలి వచ్చేశాను. ఇప్పుడు ఆయన ఇంటి వీధి కిటికీలో ఉంటున్నాను. నూకరత్నం విశాఖలో నర్సు. వచ్చినప్పుడు నన్ను ఓసారి చేతిలోకి తీసుకుంటుంది.

ఈమధ్య పాలు పోసే అప్పలనర్సమ్మ కిటికీ దగ్గర ఆగింది.

"ఇదేటి బాబూ, ఇక్కడెట్టినారు?"

"ప్లూటో" అన్నారు మాస్టారు గిన్నె పట్టుకుని.

"గ్రహమేటి?"

"కాదు."

"మరేటి?"

మాస్టారు నన్ను కిటికీలోంచి తీసి ఆమె చేతిలో పెట్టారు.

"ప్లూటోయే" అన్నారు.

అప్పలనర్సమ్మ నన్ను చీరకొంగుతో తుడిచి, "నున్నగా బాగుంది" అని, మళ్ళీ ఎండలో పెట్టింది.