బాపట్ల బెరడు

ఎనభయ్యారులో రేపల్లె ఎలిమెంటరీ స్కూలు టీచరు సరోజకు నెలసరి మొదలైతే ఒక పట్టాన ఆగేది కాదు. పాఠం చెబుతూ చెబుతూ బల్ల పట్టుకుని కూలబడేది. ఆస్పత్రికి వెళ్తానంటే భర్త రాజారత్నం వెళ్లనివ్వలేదు.

"వెళ్తే కోత పెడతారు. అశోక చెట్టు బెరడు పాలల్లో కాచి తాగితే తగ్గుద్దంట. బాపట్లలో నరసింహమూర్తి మాస్టారి దొడ్లో ఉందంట. నేను తెస్తాలే" అన్నాడు.

అన్నట్టే శనివారం మధ్యాహ్నం సంచీ పట్టుకుని బస్టాండుకి వెళ్లేవాడు, దీపాలు పెట్టాక బెరడు ముక్కలతో తిరిగొచ్చేవాడు. సరోజ వాటిని నీళ్లూ పాలూ పోసి సగానికి మరగబెట్టి, ముక్కు మూసుకుని మింగేది. అడుగున మడ్డి నాలుకకు జిగటగా అంటుకునేది. దానికి అదో రకం ముక్కవాసన.

"ఎట్టా ఉంది?" అనేవాడు ఎదురుగా కూర్చుని.

"కాస్త నయమేనండి" అనేది. నయమేమీ లేదు. పాపం, అంత దూరం తిరిగి తెస్తున్నాడని అనేది. చర్చిలో ఆడవాళ్లు మొగుడంటే అలా ఉండాలని మెచ్చుకున్నారు.

మార్చిలో టీచర్ల ట్రైనింగుకని సరోజ బాపట్ల వెళ్లింది. మాస్టారింటికి వెళ్లి ఒక మాట చెప్పిరావడం మర్యాద అనుకుని, తమ దొడ్లో కాసిన గుమ్మడికాయ పట్టుకెళ్లింది. మాస్టారి భార్య సీతామహాలక్ష్మి తలుపు తీసింది. వెనక దొడ్లో అశోకం విరగబూసి ఉంది. కొమ్మలకే కాదు, మానుకు కూడా నారింజ రంగు గుత్తులు అంటుకుని, ఎర్రబడుతున్నాయి.

"మీ చెట్టు బెరడే తాగుతున్నానండి. మావారు ప్రతి శనివారం వచ్చి తీసుకెళ్తున్నారుగా."

"ఎవరమ్మా? ఈ మధ్య బెరడు కోసం ఎవరూ రాలేదే. చైత్రంలో అష్టమినాడు శోకం పోవాలని మింగడానికి మొగ్గలు తీసుకెళ్తారు. జబ్బు చేసినవాళ్లు అడిగితే ఒక చెక్క గీసిస్తాం. కావాలంటే చూడు."

సరోజ చుట్టూ తిరిగి చూసింది. మాను మీద కొత్త గాటు ఒక్కటీ లేదు.

రేపల్లెలో బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే, దారిలో రాజారత్నం గుమాస్తాగా చేసే ఆఫీసు వచ్చింది. ప్రహరీ వెంట పొడుగాటి నరమామిడి చెట్ల వరస. జనం వాటినీ అశోక చెట్లనే అంటారు. సరోజ లోపలికి వెళ్లింది. మూలనున్న చెట్టుకు నడుమెత్తున బెరడు ఒలిచి ఉంది. పాత గాట్లు నల్లబడ్డాయి, కొత్తవాటి మీద చీమలు పాకుతున్నాయి. మొదలంతా తడిగా, పాచిపట్టి ఉంది. ఆఫీసు మగాళ్లు ఉచ్చ పోసేది అక్కడే. ఆ వాసన ముక్కుకు తగలగానే ఆమెకు రోజూ తాగే గ్లాసు గుర్తొచ్చింది. గోడ పట్టుకుని భళ్లున కక్కింది.

ఇంట్లో రాజారత్నం పప్పన్నం తింటున్నాడు. అడిగితే తల ఎత్తలేదు.

"అదీ అశోకేగా. బాపట్ల దాకా బస్సులో ఎవడు ఊగుతాడు? శనివారం భట్టిప్రోలులో మనోళ్లు పేకాటకి కూర్చుంటారు. అయినా తగ్గిందని నువ్వే అన్నావుగా?"

అని వేళ్లు ఒక్కొక్కటే నాక్కున్నాడు. సరోజ ఆ వేళ్లను చూడలేకపోయింది. నయమని అబద్ధమాడిన తన నోరు కూడా ఆమెకు రోతగానే తోచింది.

మర్నాడు అక్క దానమ్మను తోడు తీసుకుని రైలెక్కి తెనాలి వెళ్లింది. డాక్టరమ్మ గర్భసంచిలో గడ్డ ఉందని ఆపరేషన్ చేసింది. సరోజ కోలుకున్నాక చర్చివాళ్లను పిలిచి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. పాటలయ్యాక రాజారత్నం లేచి, చేతులు కట్టుకుని, బాపట్ల బెరడు కోసం తాను ఎండనక వాననక తిరిగిన వైనం సాక్ష్యం చెప్పాడు. ఆడవాళ్లు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

సరోజ కూర్చున్నచోటి నుంచే చెప్పింది: "ఈయన బాపట్ల వెళ్లలేదండి. పేకాటకి వెళ్లారు. నాకు తాగించింది ఆఫీసులో ఉచ్చ పోసే చెట్టు బెరడు."

పాస్టరుగారు గబగబా ముగింపు ప్రార్థన చేశారు.

ఆమె కాపురం వదులుకోలేదు. వండి పెట్టింది, బట్టలు ఉతికింది. కానీ అతను దగ్గరకొచ్చి కూర్చుంటే మాత్రం, ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేది.