చల్లని తల్లి

చచ్చిన పామును మళ్ళీ మళ్ళీ కొడుతున్నానంటే, అది చచ్చిందన్న నమ్మకం నాకే లేదా?

సమావేశపు గదికి మెట్లెక్కుతూ చిన్నవాడు తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. కళాశాలలో మనస్తత్వశాస్త్రం చెప్పే అధ్యాపకుడతడు. తల సగం నెరిసింది. అయినా ఇంట్లో చిన్నవాడే, ఎందుకంటే పెద్దవాడు అన్నయ్య. మాట రాని, చూపు కలపని, ఎవరైనా ముట్టుకుంటే కేకలు పెట్టే అన్నయ్య.

ఆనాడు తేలవలసింది ఒక్కటే: తొలినాటి మనోవిశ్లేషణ మీది పాఠాన్ని ఉంచాలా, కొట్టేయాలా. కొట్టేయించాలని పంతం పట్టినవాడు అతడే. ఆ పంతం వెనక ఏముందో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వెనక ఉన్నది ఒక మాట. అన్నయ్య పసితనంలో, వాణ్ణి చంకనెత్తుకుని అమ్మ ఒక పేరున్న మనోవైద్యుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమెను కూర్చోబెట్టి, మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు. అత్తగారు, ఆడపడుచులు, కట్టుకున్నవాడు, ఎవరూ చెవిన పెట్టని గోడంతా విన్నాడు. విని, "మీరు చల్లని తల్లి" అన్నాడు. అమ్మ పొంగిపోయింది. తల్లిని అంతకు మించి మెచ్చుకునే మాట తెలుగులో ఏముంది? ఆ తరువాతే ఆయన వివరించాడు. చల్లదనమంటే ఆయన పుస్తకంలో ప్రేమ లేకపోవడం. తల్లిలో వెచ్చదనం లేకనే బిడ్డ లోపలికి ముడుచుకుపోయాడట.

ఆ తరువాత అమ్మ నోట 'చల్లగా' అన్న మాట మళ్ళీ రాలేదు. చిన్నవాడు మొదటిసారి ఉద్యోగానికి బయలుదేరినప్పుడు కూడా "చల్లగా ఉండు నాయనా" అనలేదు. "జాగ్రత్త" అంది, అంతే. అన్నయ్యను మాత్రం వదల్లేదు. తాకితే నిప్పు తగిలినట్టు అరిచే పిల్లవాణ్ణి, వెచ్చదనం కోసమని గుండెకు అదుముకునేది. వాడు కొరికేవాడు. ఆమె ముంజేతుల మీద ఆ పంటిగాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆ వైద్యుడే తరువాత ఈ కళాశాలకు ఆచార్యుడై, ఇక్కడున్న వాళ్ళందరికీ మాస్టారయ్యాడు. చిన్నవాడు ఆయన దగ్గరే చదివాడు. చదివినన్నాళ్ళూ గొంతుదాకా వచ్చిన మాటను దిగమింగాడు. ఇవాళ మర్యాదకు పిలిస్తే మాస్టారు వచ్చి, చేతికర్రను గోడకానించి, బల్ల చివర కూర్చున్నాడు.

"మొదలెట్టండి సార్," అంది హెడ్డు మేడం చిన్నవాడితో. "ఈ గది తర్వాత వేరేవాళ్ళకి కావాలట. తిట్టేదేదో క్లుప్తంగా తిట్టండి."

సహాధ్యాపకుడొకాయన పకపకా నవ్వాడు. ఎవరి దుఃఖాన్నయినా కొలిచి అంకె చెప్పే ఆయనకు విద్యార్థులు పెట్టిన పేరు స్కేలు. "తిట్టడం కూడా దండగే మేడం. కొలవలేనిది శాస్త్రం ఎలా అవుతుంది? కలలకి అర్థాలు కావాలంటే మా సందు చివర జోస్యుడున్నాడు, ఇంతకన్నా రంజుగా చెప్తాడు."

చిన్నవాడు లేచాడు. చెప్పవలసినదంతా నాలుక చివర ఉంది.

"పెంపకం వల్ల ఏ బిడ్డకీ ఆటిజం రాదని ఎప్పుడో తేలిపోయింది. వాడి మెదడు తీరే పుట్టుకతో వేరు. అయినా ఈ సిద్ధాంతం ఒక తరం తల్లుల్ని బోనులో నిలబెట్టింది. సాక్ష్యం లేదు, విచారణ లేదు, నేరుగా శిక్ష! అందుకే కుండబద్దలు కొట్టి చెప్తున్నా. తప్పు సిద్ధాంతానిది కాదు, అమ్మది..."

నోరు అక్కడే ఆగింది. అనవలసింది తలకిందులైంది. తప్పు అమ్మది కాదు, సిద్ధాంతానిది అనాలి.

స్కేలు బల్ల చరిచాడు. "జారింది, నోరు జారింది! జారితే జారారు, మనసులో దాచిందే నోరు జారుతుందనే మాస్టారి పాఠంలోనే పడ్డారు సార్!"

"మీరుండండి," అంది హెడ్డు మేడం. "పొద్దుటి నుంచీ వరసగా క్లాసులు చెప్పారాయన. నాలుక తడబడదా ఏం?"

తప్పించుకోవడానికి ఆ వివరణ చాలు. బహుశా నిజం కూడా. కానీ అలసిన నాలుక తడబడి ఏ బల్లనో కుర్చీ అనవచ్చు కదా. సరిగ్గా ఆ రెండు మాటలనే ఎందుకు తారుమారు చేసింది? పాతికేళ్ళుగా అమ్మ నిర్దోషి అని చదివాడు, రాశాడు, వాదించాడు. అంత వాదన ఎవరిని ఒప్పించడానికి?

మాస్టారు నవ్వలేదు. తల కొంచెం పక్కకు వంచి, తక్కిన మాట కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ వాలకం చూసేసరికి చిన్నవాడికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మీరేమీ అనరేం మాస్టారూ?"

"నువ్వు చెప్పు నాయనా. నేను వింటాను."

"వింటారు! అదేగా మీ విద్య! మా అమ్మ మాటా ఇలాగే విన్నారు. మాటలు రాని కొడుకుని చంకనెత్తుకొచ్చింది. చల్లని తల్లి అన్నారు. గుర్తుందా?"

ముసలాయన కళ్ళు చికిలించాడు. "చాలామంది తల్లులు వచ్చేవారు."

"అందరికీ అదే మాటా?"

"ఆ రోజుల్లో మాకు తెలిసింది అంతే నాయనా," అన్నాడు మాస్టారు చివరికి.

"తెలియకపోతే తెలియదనాలి! మీరు వినకుండా గెంటేసినా బాగుండేది, ఇంటికొచ్చి నాలుగు తిట్టి మర్చిపోయేది. విన్నారు కనకే నమ్మింది. 'నా మాట పూర్తిగా విన్నవాడు ఆయనొక్కడేరా' అని ఇప్పటికీ అంటుంది. అన్నం పెట్టిన చేత్తోనే విషమూ పెట్టారు. నేనెన్ని చదివి వినిపించినా ఆవిడకి ఎక్కలేదు. నాకూ ఎక్కలేదని ఇప్పుడే తెలిసింది."

కోపం తగ్గలేదు. గురి మాత్రం కుదిరింది. అమ్మ విషయంలో అబద్ధం చెప్పిన సిద్ధాంతమే, అతడి నాలుక విషయంలో నిజం చెప్పింది. రెండింటినీ ఒకే గోతిలో పూడ్చాలని వచ్చాడు. పూడిస్తే, తప్పు అమ్మదేనన్న ఆ తీర్పు చెక్కుచెదరకుండా తనలోనే ఉండిపోతుంది.

"ఇంతకీ ఉంచమంటారా, తీసేయమంటారా?" హెడ్డు మేడం మెల్లగా అడిగింది.

"ఉంచండి. నేనే చెప్తాను. ఎలా వినాలో చెప్తాను, విని ఏం చేశారో అదీ చెప్తాను."

"ఆ పాఠమంటే మీకు ఒళ్ళుమంట కదా సార్!" అన్నాడు స్కేలు.

"కాలినవాడే చెప్పాలి."

చిన్నవాడు బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, గోడకున్న చేతికర్ర తీశాడు.

"లేవండి మాస్టారూ. మా ఇంటికి వెళ్దాం."

"ఇప్పుడా? వెళ్ళి నేనేం చెప్పను?"

"ముందు వినండి. ఆవిడ తిట్టినా చివరిదాకా వినండి. విన్నాక వివరించకండి. ఆ మాట తప్పని చెప్పండి. నేను చెప్తే నమ్మదు, మీరు చెప్తే నమ్ముతుంది."

"నన్ను గడప తొక్కనిస్తుందా?"

"అది ఆవిడ ఇష్టం."

మాస్టారు బల్లను ఊతం చేసుకుని లేచాడు. చిన్నవాడు చేయి అందించలేదు. కర్ర అందించి, తలుపు తెరిచి పట్టుకున్నాడు.