దేవక్క దాచిన ఫోను

దేవక్క వేలు నాలుకకు తాకించి ఇస్త్రీపెట్టె అడుగున చుర్రుమనిపించింది. సెగ సరిపోయింది. పసుపు లంగా మీద పాత పంచె ముక్క పరిచి, జరీ అంచు వెంట మెల్లగా రుద్దసాగింది. బళ్లారి కౌల్ బజార్‌లో జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డు పైన ఉంది ఆ గది. కింద మిషన్లు ఆడినంతసేపూ నేల అదురుతూనే ఉంటుంది. ఆ షెడ్డులోనే పదకొండేళ్లు కూర్చుని ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించింది దేవక్క. కుడిచేతి బొటనవేలి పక్కన కత్తెర ఒరిసిన కాయ ఇప్పటికీ గట్టిగా ఉంది.

నేల అదురుకు ఆమె ఎప్పుడో అలవాటుపడింది. అలవాటు కానిది నడుము దగ్గర దోపుకున్న ఫోను. తెల్లవారినప్పటి నుంచి అది గుయ్యిమంటూనే ఉంది.

ఆ ఫోను మంజుశ్రీది. ఇరవైమూడేళ్ల పిల్ల. మూడేళ్ల కిందట దేవక్క పక్కనే కూర్చుని దారాలు కత్తిరిస్తూ, మిషన్ల మోతను మించి పాడేది. ఎవరో దాన్ని ఫోనులో తీసి నెట్లో పెట్టారు. ఇప్పుడు ఆమె పాటల కోసం తొమ్మిది లక్షల మంది ఎదురుచూస్తారు. ఒక చరణం తెలుగులో, ఒక చరణం కన్నడలో, ఒకే బాణీలో పాడుతుంది. వినేవాళ్లలో సగం మంది ఆంధ్ర హద్దుకు ఇవతల, సగం మంది అవతల. ఆమె బట్టలు ఇస్త్రీ చేయడం, రవికె హుక్కులు పెట్టడం, జడ అల్లడం, గొంతుకు వేడినీళ్లు అందించడం దేవక్క పని. మంజుశ్రీ స్టేజీ మీద ఉన్నప్పుడు ఫోను పట్టుకోవడం కూడా.

పది రోజుల కిందట కాలువ నీళ్ల గొడవ మొదలైంది. నీళ్లు చాలవు, కిందికి వదలొద్దని ఇవతలివాళ్లు అన్నారు. వదలమని అవతలివాళ్లు రోడ్డు మీద బైఠాయించారు. ఆనాటి నుంచి మంజుశ్రీ ఏ పాట పెట్టినా దాని కింద ఒకటే ప్రశ్న. నువ్వు ఎవరి పక్క? ప్రశ్న కింద తిట్లు. దేవక్క ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, చదివిన నాలుగు తరగతులూ కన్నడ బడిలో. తెలుగు అక్షరాలు రావు. అందుకని సగం తిట్లే ఆమెకు తెలిశాయి. ఆ సగమే ఎక్కువనిపించింది.

పదింటికి జగదీశ్ వచ్చాడు. కార్యక్రమాలు కుదిర్చేది అతనే. వ్యానూ, మైకుసెట్టూ అతనివే. ఇవి కాక లారీలు తిప్పుతాడు. తెల్లచొక్కా చంకల్లో అప్పటికే తడిసిపోయింది.

"మంజూ, నీళ్ల సంఘమోళ్లు మూడు గంటల దాకా టైమిచ్చినారు. మన నీళ్లు మనకేనని వీడియో పెట్టకపోతే ఈ పొద్దు రూపనగుడిలో స్టేజీ ఎక్కనియ్యరంట" అన్నాడు.

"పెడితే గుంతకల్లులో ఎక్కనియ్యరు కదప్పా."

"గుంతకల్లు సంగతి గుంతకల్లులో చూస్తాం. ముందు ఈడ బతకాల కదా."

"నేను సుమ్నే ఉంటా. ఎవురి పక్కా మాట్లాడను."

"సుమ్నే ఉన్నా తప్పే అంటాండారమ్మా. నాకేమన్నా సరదానా? నిన్న నా లారీ అద్దాలు పగలగొడ్తామని ఫోన్ చేసినారు."

జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. కన్నడలో మూడు వాక్యాలు. మా నీళ్లు మాకే, ఒక్క చుక్క కూడా హద్దు దాటనివ్వం, అడ్డొచ్చినవాడు మా పగవాడు. ఫోను ఎదురుగా పెట్టి, గోడ ముందు నిలబడి మంజుశ్రీ వీడియోకు చదివింది. రెండుసార్లు మధ్యలో తప్పింది. మూడోసారి అప్పజెప్పినట్టు గడగడా అనేసింది. జగదీశ్ ఫోను కోసం చేయి చాచేలోగా ఆమె దాన్ని దేవక్క చేతిలో పెట్టింది.

"నేను చెప్పేదాకా ఎవురికీ ఇయ్యొద్దక్కా. జగదీశప్పకు కూడా."

"అట్లే" అంది దేవక్క.

మధ్యాహ్నం వ్యానులో రూపనగుడికి బయలుదేరారు. దారిలో ఒకచోట జగదీశ్ తన ఫోను చూసి వెనక్కి తిరిగాడు. ఆంధ్ర బస్సు ఒకటి ఆపి రాళ్లు వేశారట. మంజుశ్రీ కళ్లు మూసుకుంది. దేవక్క కూతురు మహాదేవిని ఇచ్చింది హద్దు అవతలి ఊరికే. బస్సులో గంటంబావు ప్రయాణం. రాళ్లు పడింది ఏ దారిలోనో అడగాలనుకుంది. జగదీశ్ మొహం చూసి ఊరుకుంది.

రూపనగుడిలో బడి మైదానంలో స్టేజీ వేశారు. వెనక టార్పాలిన్ కట్టి గదిలా చేశారు. రెండు కుర్చీలు, ఒక అద్దం. మంజుశ్రీ మొహం కడుక్కోవడానికి బడి వరండాలోకి వెళ్లింది. పావుతక్కువ మూడు. టార్పాలిన్ అవతల కుర్రాళ్లు ఈలలు వేస్తూ "వీడియో హాకు! వీడియో హాకు!" అని, పెట్టమని కన్నడలో అరుస్తున్నారు.

జగదీశ్ లోపలికి వచ్చి తెర దించాడు.

"దేవక్కా, ఫోనియ్యి."

"మంజు చెప్పల్యాదప్పా."

"అది పిల్ల. దానికేం తెలుస్తాది? వాళ్లు ఈ తెర పీకి లోపలికొస్తే అడ్డం పడేది నువ్వా?"

దేవక్క తెర వైపు చూసింది. అతను అన్నది అబద్ధం కాదు. అవతల కర్రలు నేలకు కొడుతున్న చప్పుడు ఆమెకూ వినిపిస్తోంది.

"మీ అల్లునికి లారీ మీద పని అడిగినావు కదా. రేపే రమ్మను. ఇయ్యి" అంటూ చేయి చాచి ముందుకు వచ్చాడు.

దేవక్క రెండడుగులు వెనక్కి వేసింది. నడుము దగ్గరి ఫోను తీసి, రవికెలో దోపుకుని, పైట నిండుగా లాగి కప్పుకుంది. జగదీశ్ చేయి గాలిలోనే ఆగిపోయింది. అతని మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. అంతలో మంజుశ్రీ తెర ఎత్తుకుని వచ్చింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"ఐదు నిమిషాలుండాది" అనేసి జగదీశ్ బయటికి పోయాడు.

మంజుశ్రీ కుర్చీలో కూలబడింది. "పెట్టేద్దామక్కా. నాతో అయ్యేలా లేదు. పెడితే ఈ గలాటె అన్నా నిలుస్తాది. ఇయ్యి."

దేవక్క ఫోను తీసి పైటకొంగుతో తుడిచి ఇచ్చింది. మంజుశ్రీ వేలు ఫోను తెర మీద కదిలింది. పొద్దున తీసిన వీడియోలో తన బొమ్మ కనబడింది, నోరు సగం తెరుచుకుని.

"మా ఇంటాయన చెన్నప్ప యాడ సచ్చిపాయనో నీకు చెప్పల్యా" అంది దేవక్క.

మంజుశ్రీ తలెత్తింది. ఇన్నేళ్లలో దేవక్క నోట ఆ పేరు ఆమె వినలేదు.

"కాలువ కాడ. నీళ్ల వంతు నాదంటే నాదని. కొట్టినోడు ఆంధ్రోడు గాదు, కర్ణాటకోడు గాదు. పక్క చేనోడు. మా పెండ్లికి పందిరేసినోడే. ముందు ఇద్దరూ మాటలే అనుకున్యారు. గట్టు మీద పదిమంది నిలబడి, అనప్పా, ఇంకో మాట అను, ఊరుకుంటావేంది అని ఎగదోసినారు. ఆనక పార లేసింది. గట్టు మీదోళ్లు ఒక్కరన్నా నీళ్లలోకి దిగల్యా. మహాదేవి అప్పటికి పాలు మరవల్యా."

ఊపిరి పీల్చుకుని మళ్లీ అంది. "పెట్టొద్దని చెప్పే దాన్ని గాదు నేను. నీ నోరు, నీ ఇష్టం. అనేదుంటే నీ అంతకు నువ్వే అను. వాళ్లు రాసిచ్చింది అనొద్దు."

అవతల ఎవరో మైకు స్తంభాన్ని ఊపుతున్నారు. మంజుశ్రీ ఫోను వంక చూసింది. తర్వాత వేలు పెట్టి నొక్కింది. వీడియో పోయింది. చెరిపిందో, పంపిందో దేవక్కకు తెలియలేదు.

"తీసేసినానక్కా" అంది మంజుశ్రీ.

వీడియో పెట్టకుండానే స్టేజీ ఎక్కి, ఆమె రెండు పాటలే పాడింది. మొదటి పాటకు ముందు వరుసల్లో ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రెండో పాటలో తెలుగు చరణం రాగానే నీళ్ల బాటిల్ ఒకటి వచ్చి ఆమె భుజానికి తగిలింది. ఆమె ఆగింది. భుజం తుడుచుకుని, ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంది. చరణం పూర్తి చేసింది. ఆ తర్వాత చెప్పు పడింది. పోలీసులు వచ్చి చాలించమన్నారు. మైదానం సగం తిడుతూ, సగం గొణుగుతూ చెదిరిపోయింది.

లోపల జగదీశ్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు అతని గొంతులో కోపం లేదు.

"దేవక్కా, రేపట్నుంచి నువ్వు రావొద్దులే."

దేవక్క మంజుశ్రీ వైపు చూసింది. ఆ పిల్ల అద్దం ముందు జడపిన్నులు తీస్తోంది. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. మంజుశ్రీ తల దించుకుంది. తన పక్క ఒక్క మాట అంటుందనుకుంది దేవక్క. కానీ రేపు మళ్లీ అదే వ్యాను ఎక్కాల్సింది ఈ పిల్లే. పొద్దుటి నుంచి పడ్డ భయం చాలదా దానికి? జగదీశ్ బయటికి పోయాక దేవక్క ఆమె వీపు మీద హుక్కులు ఒక్కొక్కటే విప్పింది. దెబ్బ తగిలిన భుజం ఎర్రగా కమిలి ఉంది. దాని మీద కొంచెం సేపు అరచేయి ఆనించింది.

"ఉప్పు కాపడం పెట్టు. పొద్దునకు తగ్గుతాది" అంది.

మంజుశ్రీ ఆ చేతిని గట్టిగా పట్టుకుని, వదిలేసింది.

రోడ్డు మీద ఎండ ఇంకా తగ్గలేదు. బస్సు వచ్చేదాకా దేవక్క చింతచెట్టు నీడలో నిలబడింది. బళ్లారి వైపు పోయే బస్సు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు. మహాదేవి ఊరి వైపు పోయే ఎదురుదిక్కు బస్సు ఆగగానే కండక్టరును అడిగింది.

"ఆంధ్ర పక్కకు పోతాదాప్పా?"

"హద్దు దాకేనమ్మా. గలాటె ఉండాది కదా. ఆడ్నుంచి నడుచుకోవాల్సిందే."

"యాబైయేండ్లుగా నడుస్తానే ఉండా" అని, కడ్డీ పట్టుకుని పైకెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదిలింది.

మైదానంలో మనుషులు స్టేజీ పలకలు విప్పుతున్నారు. టార్పాలిన్ గదిలో, రెండో కుర్చీ మీద, ఆట సగంలో మంజుశ్రీ జడలో మార్చడానికని దేవక్క కొని తెచ్చిన కనకాంబరాల దండ తడిగుడ్డలో చుట్టింది చుట్టినట్టే ఉంది. గుడ్డ అంచుల్లోంచి నీళ్లు ఒక్కొక్క చుక్కగా నేల మీదికి జారుతున్నాయి.