ఆరో నంబరు బిళ్ళ

చిట్టికి నలభై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి, ఆఫీసులో పదిమంది మీద పెత్తనం చేసే మనిషి. అయితేనేం, అక్క కంటికి మాత్రం ఆమె ఇంకా పలక ఎక్కడో పారేసుకుని ఏడుస్తూ ఇంటికొచ్చే పిల్లే. అందుకే దీవుల యాత్రలో మూడో దీవి దగ్గర పడవ దిగీ దిగగానే చిట్టి మెడలోంచి ఇత్తడి బిళ్ళ తీసి అక్క తన సంచిలో వేసుకుంది.

"నీ దగ్గరుంటే ఎక్కడో జారవిడుస్తావే. నా దగ్గరుండనీ."

"ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలన్నాడుగా అక్కా గైడు?"

"ఆయనకేం తెలుసు నీ సంగతి!"

చిట్టి నవ్వి ఊరుకుంది. నలభై ఏళ్ళుగా అలా ఊరుకోవడం అలవాటైపోయింది ఆమెకి.

ఇక ఆ బిళ్ళల సంగతి. పడవ ఎక్కే పలక పక్కనే ఒక చెక్క, దానికి ఎనిమిది మేకులు, మేకుకో బిళ్ళ, బిళ్ళకో నంబరు. దిగేటప్పుడు ఎవరి బిళ్ళ వాళ్ళు తీసి మెడలో వేసుకోవాలి, ఎక్కేటప్పుడు ఎవరిది వాళ్ళే తగిలించాలి. ఎనిమిది మేకులూ నిండితేనే పడవ నడిపే సరంగు లంగరు ఎత్తుతాడు. మనుషుల్ని లెక్కపెడితే ఒకరు కింద గదిలో పడుకుని ఉంటారు, ఇంకొకరు మరుగుదొడ్డిలో ఉంటారు, లెక్క ఎప్పుడూ తేలదు. బిళ్ళలకు ఆ గొడవ లేదు. పదిహేనేళ్ళుగా ఇంతే, ఒక్క మనిషినీ వదిలేయలేదని మొదటి రోజే గర్వంగా చెప్పాడు గైడు.

ఆ మాట అక్కకి భలే నచ్చింది. ముప్పై రెండేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి హెడ్‌నర్సుగా రిటైరైన మనిషి మరి. రోగి మాత్ర మింగకముందే మింగినట్టు చీటీలో గీత పెట్టిన చిన్న నర్సులను నిలబెట్టి కడిగేసిన మనిషి. పడవలో అందరూ ఆమెను 'హెడ్డమ్మా' అనే పిలుస్తున్నారు. ఆమెకూ అది బాగానే ఉంది.

అలాంటి మనిషి చేసిన పని ఇది.

ముందు నడిచే గైడును అందరూ 'తల' అనేవారు. అందరి వెనకా నడిచే పెద్దాయన పేరు 'తోక'. తలకూ తోకకూ మధ్య ఎనిమిది మంది. ఈ దీవిలో కొండమీద కొంగల గూళ్ళు చూడాలి, దిగువన మొసళ్ళను చూడాలి. మొసళ్ళను చూడటానికి వాగు ఒడ్డున ఉప్పునీటి మడచెట్ల నడుమ గుంజల మీద కట్టిన మంచె ఉంది. సముద్రపు పోటు లేనప్పుడు దాని కింద వట్టి బురద. పోటు వస్తే బురదా దారీ రెండూ మునుగుతాయి, నీళ్ళతో పాటే మొసళ్ళూ లోపలికొస్తాయి. "నాలుగు దాటాక ఇక్కడ ఎవరూ ఉండకూడదు," అన్నాడు తల. ఆ ఒక్క మాట మాత్రం నవ్వకుండా అన్నాడు.

మంచె దాకా వచ్చేసరికి అక్క మోకాలు మొరాయించింది.

"నువ్వు వాళ్ళతో పైకి వెళ్ళిరావే. నేనిక్కడే కూర్చుంటా."

"ఒక్కదానివే ఎలా?"

"తోకాయన ఉన్నాడుగా. నువ్వొచ్చేదాకా కదలను, పో."

కదలనంది గానీ, పావుగంటకే కదిలింది. దోమలు, ఉక్క, మొసలి జాడ లేదు. పైకెళ్ళినవాళ్ళు ఎటూ కొండకి అవతలి దారిన నేరుగా పడవ దగ్గరికే దిగుతారని తోకాయన చెప్పాడు. ఇంకెందుకిక్కడ? ఆయన భుజం పట్టుకుని మెల్లగా పడవ చేరుకుంది. తన అయిదో నంబరు బిళ్ళ తగిలించింది. సంచిలో చెయ్యి పెడితే చిట్టి బిళ్ళ తగిలింది. కొండ వాలు మీద నీలం టోపీలు వరసగా దిగుతూ కనిపిస్తున్నాయి. అందరికీ ఒకే రంగు టోపీలు. చిట్టి వస్తోందిగా, మళ్ళీ లేవడమెందుకని ఆరో మేకుకు ఆరో బిళ్ళ తగిలించేసి, మోకాలికి మందు రాసుకుని కళ్ళు మూసుకుంది.

ఆ టోపీల్లో చిట్టి టోపీ లేదు. సగం కొండ ఎక్కాక ఆమెకు అక్క మీద బెంగ పుట్టింది. "అక్క మంచె దగ్గర ఉంది, నేను కిందికి పోతా," అంది తలతో. తిన్నని దారి, ఇరవై నిమిషాల నడక, అక్కడ తోకాయన కూడా ఉన్నాడు కదా అని సరే అన్నాడాయన. పడవకి వచ్చాక తలకి తోకాయన లోపలే కనిపించాడు. తల చెక్క వంక చూశాడు, ఎనిమిది మేకులూ నిండి ఉన్నాయి. సరంగుకు చెయ్యి ఊపాడు.

ఇదంతా అక్కకి తరవాత తెలిసింది. అప్పటికి ఆమె చేసిందల్లా, కునుకు తీసి లేచి బిస్కెట్ల పొట్లం విప్పి సగం చిట్టికి తీసిపెట్టడం.

"చిట్టీ! ఒసే చిట్టీ!"

కింద గదిలో లేదు. పైన లేదు. మరుగుదొడ్డి తలుపు తీసే ఉంది. తమతో యాత్రకొచ్చిన బ్యాంకాయన భార్యని అడిగితే, "మీ దగ్గరికే వచ్చిందిగా హెడ్డమ్మా, మా మధ్యలోంచే దిగిపోయింది," అంది.

చిట్టి కనబడట్లేదని అక్క తలతో చెప్పింది.

తల పరుగున చెక్క దగ్గరికి వెళ్ళాడు. ఆరో బిళ్ళని వేలితో తాకి చూశాడు.

"బిళ్ళుంది. అంటే పడవెక్కింది. ఎక్కి, ఇప్పుడు లేదంటే..."

సరంగు ఇంజను తగ్గించి పడవను వెనక్కి తిప్పాడు. వచ్చిన దారినే మెల్లగా, చాలా మెల్లగా పోసాగాడు. అందరూ రెండు పక్కలా కమ్మీలు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నారు. ఒకరు అటు వేలు చూపిస్తే అందరూ అటు పరిగెత్తుతున్నారు. చూస్తే నురుగు, లేకపోతే కొబ్బరి మట్ట.

అక్క కూడా కమ్మీ పట్టుకుని నిలబడింది. నీళ్ళు చూడటం లేదు. ఆమెకు మాత్రమే తెలుసు, చిట్టి నీళ్ళలో పడలేదని. అసలు పడవే ఎక్కలేదని.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకుంది.

ఎక్కే ఉంటుందిలే, నేను నిద్రలో ఉన్నప్పుడు ఎక్కే ఉంటుంది, అనుకుంది ఒకసారి. అది అబద్ధమని అనుకుంటున్నప్పుడే తెలుసు. బయల్దేరే రోజు చిట్టి భర్త అన్న మాట గుర్తొచ్చింది. "ఈవిడ్ని మీ చేతుల్లో పెడుతున్నా వదినా," అని నవ్వుతూ అన్నాడు. వీళ్ళంతా ఇప్పుడు తనని ఎలా చూస్తారు? హెడ్డమ్మట, హెడ్డమ్మ! తన ఒంట్లో అంత పిరికితనం ఉందని అరవై ఏళ్ళు వచ్చేదాకా ఆమెకు తెలియదు.

పడవ అలా నత్తనడక నడిచింది. అయిదు నిమిషాలు. పది.

సరంగు నీటి వంక చూసి, తలతో మెల్లగా అన్నాడు. "పోటు మొదలైంది."

ఆ మాటతో అక్క కమ్మీ వదిలేసింది.

"నేనే తగిలించాను."

ఎవరికీ అర్థం కాలేదు. 

"ఆ బిళ్ళ నేనే తగిలించాను! చిట్టిని నేను చూడలేదు. అది మంచె దగ్గరుంటుంది. నేనక్కడే ఉంటానని చెప్పానయ్యా దానికి, నా కోసం అక్కడే కూర్చుని ఉంటుంది. దీవికి పోనివ్వండి, మీ కాళ్ళు పట్టుకుంటా, పోనివ్వండి!"

తల ఒక్క క్షణం ఆమెను చూశాడు. "ఇందాకే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. 

ఇంజను ఒక్కసారిగా అరిచింది. పడవ దూకింది. బ్యాంకాయన భార్య ఆమె పక్కనుంచి లేచి వెళ్ళి, అవతలి బల్ల మీద కూర్చుంది.

దీవి చేరేసరికి నాలుగున్నర. ఇందాక వాళ్ళు నడిచిన బురద దారి లేదు. దాని మీద మట్టిరంగు నీళ్ళు చడీ చప్పుడూ లేకుండా మడచెట్లలోకి పోతున్నాయి. పెద్ద పడవ వాగులోకి పట్టదు. తలా తోకాయనా చిన్న నాటు పడవ దింపారు.

"నేనూ వస్తా," అంది అక్క.

"ముగ్గురికే చోటు," అన్నాడు తల.

ముగ్గురికి. అంటే ఇద్దరు వెళ్ళి ముగ్గురు రావాలి. ఆ లెక్కని పట్టుకుని ఆమె కూర్చుంది. నాటు పడవ మడచెట్ల వెనక్కి పోయింది. ఇక కనబడలేదు.

అవతల ఒడ్డున మిగిలిన కాస్త బురద మీద వెడల్పాటి జారుడు గుర్తు ఉంది. ఏదో బరువైనది పొట్ట మీద జారి నీళ్ళలోకి దిగిన గుర్తు. ఇంకా తడిగా మెరుస్తోంది. సరంగు ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు గానీ, ఆమె అప్పటికే చూసేసింది.

లోపల్నుంచి తల కేక వినిపించింది. "అమ్మా! ఎక్కడున్నారు?" జవాబు లేదు. మళ్ళీ కేక. జవాబు లేదు. ఆ తరవాత తెడ్డుతో నీళ్ళని బాదుతున్న చప్పుడు. ఫట్, ఫట్, ఫట్. తోకాయన ఏదో అరిచాడు. అదే తెడ్డు చప్పుడు మళ్ళీ, ఇంకా గట్టిగా, ఆగకుండా. అక్క ఆసుపత్రిలో ఎన్నో చావులు చూసింది, ఒక్కదానికీ చెవులు మూసుకోలేదు. ఇప్పుడు రెండు చేతులతో గట్టిగా మూసుకుంది. పది నిమిషాలు, నా పది నిమిషాలు, అని గొణుక్కుంటూ అటూ ఇటూ ఊగింది.

సరంగు ఆమె చేతులు పట్టి చెవుల మీంచి తీశాడు.

"అటు చూడండమ్మా."

చెట్ల సందులోంచి నాటు పడవ ముక్కు బయటికొచ్చింది. ముందు తోకాయన. వెనక తల. మధ్యలో మోకాళ్ళు కావలించుకుని, నీలం టోపీ.

చిట్టిని పైకి లాగగానే అక్క దుప్పటి కప్పింది, నాడి చూసింది, కాళ్ళూ చేతులూ తడిమింది. ఒక్క గాయం లేదు. అక్క చుట్టుపక్కలే ఉంటుందని ఎదురుచూస్తూ మంచె మీదే కూర్చుండిపోయిందట చిట్టి. నిచ్చెన కింది మెట్లు నీళ్ళలో మునిగాక, ఆ మెట్ల పక్కనే ఒక మొసలి వచ్చి పడుకుందట. పావుగంటసేపు అది కదల్లేదు, ఈమె కదల్లేదు. గైడు పిలిచినా పలకలేదు, పలికితే అది కదులుతుందేమోనని.

"ఎంత భయపడ్డారో పాపం," అంది బ్యాంకాయన భార్య, మంచినీళ్ళు అందిస్తూ.

చిట్టి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అయినా నవ్వింది.

"మొసలిని చూసి చచ్చేంత భయమేసింది. కానీ పడవ వెళ్ళిపోతుందని మాత్రం భయపడలేదండీ. నా బిళ్ళ అక్క దగ్గర ఉందిగా. నేను కనపడకుండా అక్క తగిలించదు. ఖాళీ మేకు ఉంటే పడవ కదలదు. అది తలుచుకునే కూర్చున్నా."

బ్యాంకాయన తన చెప్పుల వంక చూసుకున్నాడు. తల మొహం తిప్పుకున్నాడు. 

చిట్టి వాళ్ళందరి మొహాలూ చూసింది. ఆఖరున అక్క మొహం చూసింది.

"ఏంటక్కా?"

"నేనే తగిలించానే," అంది అక్క. ఒకసారి చెప్పిన మాటే, అయినా రెండోసారి ఇంకా కష్టమైంది. "నిన్ను చూడకుండానే తగిలించాను. నీళ్ళలో పడ్డావనుకుని వాళ్ళు సముద్రం వెతుకుతుంటే, పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడ్డాను. సిగ్గేసి."

చిట్టి అక్కనే చూసింది. తరవాత అక్క చేతుల్లో ఉన్న తన చేతిని తీసుకుని, దుప్పటి లోపల పెట్టుకుంది.

మర్నాడు పొద్దున నాలుగో దీవి. అందరూ చెక్క ముందు వరసలో నిలబడ్డారు. అక్క అయిదో బిళ్ళ తీసుకుంది. పక్కనే ఆరోది వేలాడుతోంది. చెయ్యి అలవాటుగా అటు పోబోయి, మధ్యలో ఆగింది.

చిట్టి వెనకనుంచి చెయ్యి చాపి తన బిళ్ళ తాను తీసుకుంది. తాడు మెడలో వేసుకుని, పొడవు తగ్గించి రెండు ముళ్ళు వేసింది. బిళ్ళని జాకెట్టు లోపలికి తోసి, తల వెనక నడవడం మొదలుపెట్టింది.

అక్క తోకాయన పక్కన నడిచింది. ముందు పోతున్న నీలం టోపీల్లో చిట్టిది ఏదో తెలియడం లేదు. మోకాలు నొప్పెడుతున్నా, దారి పొడుగునా ఆమె వాటిని లెక్కపెడుతూనే ఉంది.