కుంకుమ పెట్టిన పటం

మాంద్యంలో మందుల ఫ్యాక్టరీ కళాధర్‌ను తీసేసింది. ఐర్లండ్‌లోని నేవన్ ఊళ్లో వాళ్ల అద్దె ఇంటి అటక మీద అతని భార్య రుచితకు పాత పటం దొరికింది. ఇల్లు ఖాళీ చేయిస్తే బిడ్డతో వానలో కూర్చున్న తల్లి బొమ్మ అది. రుచిత మేరీమాత అనుకుంది. మొగుడికి ఉద్యోగం రావాలని ప్రతి శుక్రవారం ఆ తల్లి నుదుట కుంకుమ పెట్టేది.

ఇంటి యజమాని చూసి పాత చిత్రాల నిపుణుణ్ని పిలిపించాడు. గీసింది విక్టోరియా రాణి కాలంలో పేదలనే గీసిన చిత్రకారుడట. బతికుండగా అతనికి ఒక్కడూ రొట్టెముక్క పెట్టలేదు; ఇప్పుడా బొమ్మలు లక్షలు పలుకుతాయట. నిపుణుడు "ఎంత కరుణ!" అని కళ్లొత్తుకున్నాడు. యజమాని మాత్రం కుంకుమ చూసి మండిపడ్డాడు.

"లీజు పొడిగించను. నెలాఖరుకి ఖాళీ చెయ్యండి."

"బొట్టు పెడితే పాడైపోతుందా అండీ?" అంది రుచిత మొగుడితో.

"నీ భక్తి తగలెయ్య! పెట్టెలు సర్దు."

నెలాఖరున రుచిత బిడ్డనెత్తుకుని వానలో పెట్టె మీద కూర్చుంది. పటం తడవకుండా యజమాని మనుషులు ఆ బిడ్డ దుప్పటే కప్పి వ్యానెక్కించారు.